బెంగళూరు చలికాలంలో చదువు మీద ఊపు తగ్గకుండా ఉండాలంటే

నవంబర్ సగం దాటిందంటే చాలు, పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో) ఉండే మన పిల్లలందరి దగ్గరా ఒకటే మాట, "చదవాలని ఉంది అక్కా, కానీ ఒళ్ళు కదలట్లేదు" అని. బీటీఎం, మడివాళ, మారతహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ, యలహంక ఎక్కడ చూసినా మనవాళ్ళే కదా, నెల్లూరు నుంచి, కడప నుంచి, అనంతపురం నుంచి, అటు ఖమ్మం నుంచి వచ్చి చదువుకుంటున్నవాళ్ళు. వీళ్ళకి చూస్తే అసలు పనంతా ఈ చలి నెలల్లోనే పడుతుంది. ఇంజనీరింగ్ సెమ్ ఎగ్జామ్స్ చాలావరకు డిసెంబర్, జనవరిల్లో, జేఈఈ మెయిన్ మొదటి సెషన్ జనవరిలో, ఎంటెక్ ఎంట్రన్స్ గేట్ ఫిబ్రవరి వీకెండ్స్‌లో, సెకండ్ పీయూ (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) వాళ్ళకి మార్చి ఎంతో దూరం ఉండదు. సరిగ్గా అప్పుడే దుప్పటి తీయబుద్ధి కాదు.

నేను చెప్పేది ఒక్కటే, మూడ్ వచ్చాక లేద్దాం, ఇంట్రెస్ట్ వచ్చాక పుస్తకం తీద్దాం అని కూర్చుంటే చలికాలంలో ఆ మూడ్ రాదు, మార్చి వచ్చేస్తుంది. లేచి మొహం కడుక్కుని, కాస్త వెలుతురులో నిలబడి, ఒక పది నిమిషాలు పెన్ను కదిపాక అప్పుడు వస్తుంది. అందుకని దుప్పట్లోంచి పుస్తకం దాకా మధ్యలో ఏమేం అడ్డం పడుతున్నాయో చూసి, వాటిని ముందు రోజు రాత్రే తీసెయ్యాలి. పొద్దున్న లేచాక తీద్దాం అనుకుంటే కుదరదు, ఎందుకంటే అప్పుడు మన బుర్ర దుప్పటి పార్టీ.

ముందు ఈ ఊరి చలి సంగతి

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు మామూలు, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. రికార్డు అయితే 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు. ఉత్తరాది వాళ్ళకి ఇదొక చలే కాదు గానీ, ఉక్కపోత రాత్రుల్లో పెరిగిన నెల్లూరు పిల్లాడికి ఇది బాగా చలే, పైగా పీజీ రూముల్లో కింద టైల్స్ చల్లగా ఉంటాయి, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, ఎండ అన్నది లోపలికి రాదు. ఇదేం చలి అని ఎవరన్నా వెక్కిరిస్తే పట్టించుకోకండి, మంచి మందపాటి సాక్సులు, ఒక స్వెటర్ కొనుక్కోండి, చదువుకి అవి కూడా పుస్తకాలంత అవసరం. పాదాలు చల్లగా ఉంటే అరగంట కూడా కూర్చోలేరు.

చలి కంటే ఎక్కువ దెబ్బ కొట్టేది ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ గమనించరు. నవంబర్ మొదట్లో ఇక్కడ సూర్యుడు సుమారు 6:15కి వస్తాడు. జనవరి మూడో వారానికి 6:45 అయితే గానీ రాడు. డిసెంబర్ 21, 22తో పగలు పెరగడం మొదలవుతుంది కదా, ఇక తొందరగా తెల్లారుతుంది అనుకుంటారు అందరూ, కానీ మొదట్లో ఆ పెరిగేదంతా సాయంత్రం వైపే పెరుగుతుంది, పొద్దున్న మాత్రం జనవరి నెలాఖరు దాకా ఇంకా ఇంకా లేటవుతూనే ఉంటుంది. అంటే నవంబర్‌లో 5:30కి అలారం పెట్టుకుని లేచినవాడు జనవరిలో అదే అలారానికి లేస్తుంటే ఇంకో అరగంట లోతు చీకట్లో లేస్తున్నట్టు. లేవలేకపోతే నాలో పట్టుదల లేదు అని బాధపడతారు పాపం. అలారాన్ని 6:15కో 6:30కో జరపండి, రాత్రి పడుకునేది కూడా దానికి తగ్గట్టు 11 లోపు పెట్టుకోండి, సరిపోతుంది. వీకెండ్ కూడా అదే టైం, ఆదివారం పదింటిదాకా పడుకుంటే సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకా ముందే లేవాలి అనుకునేవాళ్ళకి ఒక మంచి దారి ఉంది, ధనుర్మాసం. డిసెంబర్ 16 ప్రాంతంలో నెల పట్టిన దగ్గర్నుంచి భోగి దాకా ఇక్కడి గుళ్ళల్లో కూడా తెల్లారకముందే పూజలు, పాశురాలు, తర్వాత వేడి వేడి పొంగలి ప్రసాదం. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి వెళ్ళి వచ్చి డైరెక్టుగా చదువుకి కూర్చుంటే అదొక ఊపు. ఒక్కళ్ళే చీకట్లో అలారంతో కుస్తీ పట్టేకంటే ఇది వంద రెట్లు నయం, భక్తి ఉన్నా లేకపోయినా.

రాత్రి పదింటికి చెయ్యాల్సిన పని

ఇది మాత్రం తప్పనిసరిగా చెయ్యండి, మిగతావి వదిలేసినా పర్లేదు. పడుకునే ముందు రేపు పొద్దున్న చెయ్యాల్సిన మొదటి లెక్క ఏదో తేల్చుకోండి. "రేపు థర్మో చదవాలి" అని కాదు, "థర్మో రెండో చాప్టర్‌లో 14వ ప్రాబ్లం" అని. ఆ పేజీ తెరిచి, పక్కన రఫ్ నోట్‌బుక్ పెట్టి, పైన డేట్ వేసి, ప్రశ్న నంబర్ రాసి, ఇచ్చిన వాల్యూస్ వరకు ఎక్కించి, పెన్ను మూత తీసి పెట్టి పడుకోండి. చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ పొద్దున్న ఎక్కడ మొదలుపెట్టాలి అని ఆలోచించే పని లేకపోవడం చాలా పెద్ద విషయం, ఆ ఆలోచనలోనే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది, ఫోన్ మీదకి పోయాక ముప్పావు గంట ఎటు పోయిందో తెలీదు. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో దీని గురించే రాశాడు, ఊరికే "చేస్తాను" అనుకునేవాళ్ళ కంటే "ఫలానా టైంకి, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్ళు ఆ పని చేసే అవకాశం చాలా ఎక్కువ అని.

స్వెటర్, సాక్సులు మంచం మీదే, చెయ్యి చాపితే అందేలా. ఫోన్ మాత్రం అందకూడదు, దూరంగా ఉన్న ప్లగ్ పాయింట్ దగ్గర ఛార్జింగ్ పెట్టండి, అలారం ఆపడానికి లేచి నడవాల్సిందే. లేచినవాళ్ళు మళ్ళీ పడుకోకుండా స్వెటర్ తొడుక్కుంటే సగం గెలిచినట్టే.

గీజర్ విషయం చెప్పాలి. త్రీ షేరింగ్ రూముల్లో, ఒక్కో ఫ్లోర్‌కి రెండు బాత్రూములు ఉన్నచోట, 7 నుంచి 8:30 దాకా బకెట్లు వరసలో ఉంటాయి, మీ వంతు వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చగా కూడా ఉండవు. ఆ క్యూలో నిలబడి విసుక్కుంటూ రోజు మొదలుపెట్టే బదులు స్నానాన్ని సాయంత్రానికి మార్చెయ్యండి, కాలేజీ నుంచి రాగానే వేడినీళ్ళ స్నానం చేస్తే అలసట పోయి రాత్రి చదువుకి కూడా పనికొస్తుంది, నిద్ర కూడా బాగా పడుతుంది. పొద్దున్నే స్నానం చెయ్యకపోతే ఎలా అనేవాళ్ళు 6:30కే వెళ్ళిపోండి, ఖాళీగా ఉంటుంది. బకెట్‌లో పెట్టే రాడ్ హీటర్ మాత్రం రూములో వాడకండి ప్లీజ్, స్విచ్ ఆపి ప్లగ్ పీకకుండా నీళ్ళలో చెయ్యి పెడితే ప్రాణం మీదికి వస్తుంది, నిద్రమత్తులో అలాంటివి మర్చిపోతాం.

టెర్రస్ ఎక్కండి

పీజీ రూములో ట్యూబ్‌లైట్ వెలుగు లెక్క కడితే కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలత) ఉంటుంది అంతే. బయట మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లో ఉంటుంది, ఎండ ఉంటే పదివేలు ఎప్పుడో దాటిపోతుంది. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి తేడా తెలియదు, మెదడుకి మాత్రం తెలుస్తుంది. పొద్దున్న కంట్లో పడే వెలుతురుని బట్టే మెలటొనిన్ అనే నిద్ర హార్మోన్ ఎప్పుడు ఆగాలి, మళ్ళీ రాత్రి ఎప్పుడు మొదలవ్వాలి అనేది సెట్ అవుతుంది. పొద్దంతా రూములోనే ఉంటే ఒంట్లో గడియారానికి ఇంకా తెల్లారనట్టే, అందుకే పదకొండైనా మత్తు వదలదు, రాత్రి ఒంటి గంటైనా నిద్ర రాదు.

నార్వే లాంటి దేశాల్లో చలికాలం వస్తే కొన్ని ఊళ్ళల్లో రోజంతా సూర్యుడే ఉండడు, మనకి ఆ బాధ లేదు. బెంగళూరులో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటల పైనే ఉంటుంది. వెలుతురుకి కొదవ లేదు, మనం అందులోకి వెళ్ళట్లేదు, అంతే.

చాలా పీజీల్లో టెర్రస్ మీద సింటెక్స్ ట్యాంకులు, బట్టలారేసే తాళ్ళు ఉంటాయి, 7:15కల్లా ట్యాంకు పక్కన ఎండ పడుతుంది. ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్ళి, రాత్రి సగం రాసి పెట్టిన ఆ లెక్క అక్కడే చెయ్యండి, ఇరవై నిమిషాలో అరగంటో. సూర్యుడి వంక చూడక్కర్లేదు, బయట ఉంటే చాలు. ఇది విటమిన్ డి కోసం అనుకోకండి, అంత పొద్దున్నే ఎండలో దానికి కావాల్సిన కిరణాలు పెద్దగా ఉండవు, ఇది నిద్ర గడియారం కోసం. టెర్రస్‌కి తాళం వేసే ఓనర్లు ఉంటారు, అడిగి చూడండి, "అంకుల్, ఓదికొళ్ళక్కె" అని కన్నడలో ఒక ముక్క అంటే చదువుకోడానికి అని అర్థమై చాలామంది తీస్తారు. లేకపోతే కాలేజీకి ఒక స్టాప్ ముందే దిగి నడిచినా సరిపోతుంది.

మబ్బు రోజుల గురించి కూడా చెప్పుకోవాలి. నవంబర్, డిసెంబర్‌లో బంగాళాఖాతంలో ఏ వాయుగుండం పుట్టినా ఇక్కడ ముసురు పడుతుంది. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటాక ఇక్కడ కూడా ఆగకుండా జల్లు, మధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉండింది. అలాంటి రోజుల్లో కొత్త చాప్టర్ మొదలుపెట్టకండి, చదివినదాన్నే తిరగెయ్యండి, లేదా ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు లాంటి చేతి పని పెట్టుకోండి. రూములో లైట్లన్నీ వేసుకోండి. టార్గెట్ సగానికి తగ్గించి ఆ సగం పూర్తి చెయ్యండి, మొత్తం వదిలేసిన రోజు కంటే అది చాలా మేలు, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడం తేలికవుతుంది.

ఎక్కడ కూర్చోవాలి

మంచం మీద వద్దు. దుప్పటి కాళ్ళ మీద కప్పుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే ఎవరికైనా నిద్రే వస్తుంది. కాలేజీ లైబ్రరీ ఉంటే అదే బెస్ట్, క్లాసులు అయ్యాక రూముకి వచ్చి మళ్ళీ వెళ్దాం అనుకోవద్దు, ఒకసారి రూముకొచ్చి చెప్పులు విడిస్తే చలికాలంలో మళ్ళీ బయటికి వెళ్ళడం కల్ల. కాలేజీ నుంచి డైరెక్టుగా లైబ్రరీ, రెండు గంటలు, తర్వాతే రూము. ఎగ్జామ్ ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్ళకి కబ్బన్ పార్కులో ఎర్ర రంగు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1915లో కట్టిన బిల్డింగ్, మెట్రో పర్పుల్ లైన్‌లో కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు, చుట్టూ చెట్లు, మధ్యలో బ్రేక్‌కి ఎండలో తిరగడానికి అంతకన్నా మంచి చోటు ఈ ఊళ్ళో లేదని నా అభిప్రాయం. సెలవు రోజు ఏదో కనుక్కుని వెళ్ళండి. విజయనగర్ వైపు కాంపిటీటివ్ ఎగ్జామ్స్ వాళ్ళ కోసం నెలకింత అని తీసుకునే రీడింగ్ రూములు ఉన్నాయి, డబ్బు కట్టాం కదా అని అయినా వెళ్తారు, అది కూడా పనిచేస్తుంది.

చదివింది కనపడాలి

ఊపు తగ్గడానికి అసలు కారణం చాలాసార్లు ఏంటంటే, రోజూ చదువుతున్నా ముందుకి పోతున్నట్టు అనిపించదు. అదే నోట్స్ మళ్ళీ మళ్ళీ చదవడం, హైలైటర్ గీయడం, యూట్యూబ్ వీడియో రెండోసారి చూడడం, చూస్తున్నంతసేపు అంతా వచ్చినట్టే ఉంటుంది, వారం తర్వాత ఖాళీ. రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో 2006లో స్టూడెంట్స్ మీద చేసిన ప్రయోగం ఒకటుంది, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, కానీ వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి ఒక టాపిక్ అవ్వగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. తప్పులొస్తాయి, ఖాళీలొస్తాయి, పర్లేదు, ఎర్ర పెన్నుతో నింపండి. ఆ కాగితాలు పారెయ్యకుండా డేట్ వేసి ఒక క్లిప్‌కి పెట్టండి. పది రోజుల తర్వాత మొదటి కాగితం, ఇవాళ్టి కాగితం పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎర్ర ఇంకు ఎంత తగ్గిందో కంటికి కనపడుతుంది, ఏ మోటివేషన్ రీలూ ఇవ్వలేని ధైర్యం అది ఇస్తుంది.

జేఈఈ రాసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట, పొద్దున షిఫ్ట్ 9 గంటలకే మొదలవుతుంది, రిపోర్టింగ్ ఇంకా ముందు. డిసెంబర్ అంతా రాత్రి రెండింటిదాకా చదివి తొమ్మిదిన్నరకి లేచేవాళ్ళకి ఆ రోజు ఫిజిక్స్ చదివే టైంకి బుర్ర ఇంకా మంచం మీదే ఉంటుంది. కనీసం రెండు మూడు వారాల ముందు నుంచి మాక్ టెస్టులు 9కే రాయండి.

తిండి విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. మధ్యాహ్నం ఆంధ్ర మెస్‌లో ఫుల్ మీల్స్ కొట్టి పెరుగన్నంతో ముగించి రెండింటికి చదువు అంటే అవ్వదు, చదివే రోజుల్లో కాస్త తగ్గించండి. చలికి దాహం వెయ్యదు, బాటిల్ ఎదురుగా పెట్టుకోండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ వద్దు, తాగిన కాఫీలో సగం కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది, వేరుశెనక్కాయల తిరునాళ్ళు అది, ఒక సాయంత్రం ఫ్రెండ్స్‌తో తప్పకుండా వెళ్ళి రండి, ఉడకబెట్టిన కాయలు తింటూ తిరిగితే చలికాలం మీద కోపం పోతుంది.

ఎవరో ఒకళ్ళని తోడు పెట్టుకోవడం కూడా బాగా పనిచేస్తుంది. మా కింద ఫ్లోర్‌లో అనంతపురం అబ్బాయి ఒకడున్నాడు, వాళ్ళమ్మ రోజూ 6:30కి ఫోన్ చేస్తుంది, "ఏమ్రా, లేచినావా? ఏం లెక్క చేస్తాండావు?" అని. ఆమెకి ఆ లెక్క అర్థం కాదు, అయినా అడుగుతుంది, వాడు మెట్లెక్కుతూ "పద్నాలుగో లెక్క మా, పైకి పోతాండా" అని చెప్తాడు. అంతే, ఒక నిమిషం కూడా పట్టదు. ఇంట్లోవాళ్ళని మార్కులు అడగొద్దని, ఇది మాత్రం అడగమని చెప్పి చూడండి.

సంక్రాంతికి వెళ్ళి రావడం

తెలుగు స్టూడెంట్‌కి చలికాలంలో అసలు పరీక్ష ఇదే. పండక్కి వెళ్ళొద్దని నేను చెప్పను, వెళ్ళండి, వెళ్ళకపోతే ఇక్కడ ఖాళీ పీజీలో ఇంటి మీద బెంగతో అసలు చదవరు. కాకపోతే మూడు రోజులని వెళ్ళి పది రోజులు ఉండిపోవడం, వచ్చాక ఇంకో వారం గాడిలో పడకపోవడం, అక్కడ పోతోంది టైమంతా.

రిటర్న్ టికెట్ లేకుండా బయల్దేరకండి. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే పండగ టికెట్లు నవంబర్ మధ్యలో వస్తాయి, పొద్దున్న 8కి కూర్చుంటే గానీ దొరకవు. పోయేది ఒక రోజు, వచ్చేది ఇంకో రోజు ఓపెన్ అవుతుంది, రెండు తేదీలూ క్యాలెండర్‌లో రాసుకోండి. కనుమ నాడు కాకి కూడా కదలదు అని ఇంట్లో ఎలాగూ పంపరు, దాంతో గొడవ పెట్టుకోకండి, ముక్కనుమ రాత్రి బండికి చేసుకోండి. ఆ తేదీ ఇంట్లో ముందే చెప్పెయ్యండి, పండగ రోజు చెప్తే అమ్మ మొహం చూసి మీరే క్యాన్సిల్ చేస్తారు.

బ్యాగు నిండా పుస్తకాలు మోసుకెళ్ళకండి, తెరవరు, తెరవలేదని బాధ ఒకటి. ఒక్క ఫార్ములా నోట్‌బుక్, ఒక్క ఎర్ర పెన్ను. రోజూ పొద్దున్న ఇంట్లోవాళ్ళు టిఫిన్‌కి కూర్చునే లోపు అరగంట, భోగి మంట రోజు అది కూడా వద్దు. మిగతా టైమంతా అరిసెలు, ముగ్గులు, మరదళ్ళు, బావలు, సినిమా అన్నీ మనస్ఫూర్తిగా చెయ్యండి. సగం చదువు సగం పండగ చేస్తే రెండూ పాడవుతాయి.

బయల్దేరేముందు పీజీ టేబుల్ మీద, లేదా మీ అరలో పైన, సగం చేసిన లెక్క ఒకటి అలాగే తెరిచి పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చే రోజు బస్సు తెల్లవారుజామున సిల్క్ బోర్డ్ దగ్గరో మడివాళలోనో దింపుతుంది, అదే చలి, అదే చీకటి, ఇంటి నుంచి వచ్చిన దిగులు వేరే. పదింటిదాకా పడుకోండి, సాయంత్రం దాకా మాత్రం వద్దు. లేచి అరిసె ఒకటి నోట్లో వేసుకుని ఆ సగం లెక్క పూర్తి చెయ్యండి. ఆ రోజుకి ఇంకేం చెయ్యకపోయినా పర్లేదు.

వీటితో తగ్గకపోతే

రెండు వారాలుగా రోజూ దిగులుగానే ఉండి, ఇష్టమైన పనులు కూడా చెయ్యబుద్ధి కాకపోతే, నిద్ర, తిండి బాగా మారిపోతే అది చలి కాదు, బద్ధకం అంతకన్నా కాదు. కాలేజీ కౌన్సెలర్‌ని కలవండి, లేదా 14416కి ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ రాత్రే రూమ్మేట్‌ని లేపండి, ఇంటికి ఫోన్ చెయ్యండి. హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, ఎమర్జెన్సీ ఏ టైంకైనా చూస్తారు. రూమ్మేట్ ఇలా ఉన్నట్టు మీకనిపిస్తే మీరే అడగండి, "తిన్నావా" అని మొదలుపెట్టి పక్కన కూర్చోండి, లెక్చర్లు వద్దు.

ఇక ఫిబ్రవరి రెండో వారం దాటితే చలి పోతుంది, తెల్లారడం కూడా మెల్లగా ముందుకి జరుగుతుంది. అప్పుడు అలారాన్ని వారానికి పది నిమిషాల చొప్పున ముందుకి జరుపుకోండి, ఒకేసారి 5కి పెట్టకండి. టెర్రస్ మీద ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటుంది కాబట్టి కుర్చీ ట్యాంకు నీడలోకి లాక్కోండి.